ప్లగ్గుదేం తప్పు లేదు

జనవరి నెలలో ఒక శుక్రవారం, ఒక్క పూటలో మూడు గ్లో ప్లగ్గులు తగలేశాను. ఒక్కొక్కటీ బొటనవేలి గోరుకంటే కాస్త పొడుగు, అంతే. ఖరీదు మాత్రం మా నాన్నా కొడుకులిద్దరికీ హోటల్లో ఒక పూట భోజనమంత. మూడోది పోయాక మా అబ్బాయి ఇసకలో చతికిలబడి, "నాన్నా, ఇంక ఇంటికి పోదాం" అన్నాడు. నాకేమో ప్రోగ్రాములో తప్పు దొరక్కుండా ఇంటికి వెళ్ళిన రాత్రి నిద్ర పట్టదు. ఇదీ ఆ జాతి వ్యవహారమే.

మేముండేది అల్ రయ్యాన్‌లో, ముయిథర్ వైపు. దోహాకి పడమటగా ఊరు పల్చబడి ఎడారి మొదలయ్యే చోటు. దుఖాన్ రోడ్డు పట్టుకుని ఇంకా పడమటికి పోతే అల్ షహానియా వస్తుంది. 2014లో వేరే మునిసిపాలిటీ అయ్యేదాకా అది కూడా అల్ రయ్యాన్ కిందే ఉండేది. అక్కడ ఒంటెల పందేలు జరుగుతాయి. 2005లో ఖతర్ ప్రభుత్వం చిన్నపిల్లల్ని ఒంటెల మీద ఎక్కించడం నిషేధించాక, వాళ్ళ స్థానంలో రిమోటుతో నడిచే మరబొమ్మలు కూర్చుని కొరడాలు తిప్పుతున్నాయి. ఒంటెలతో పాటు పక్కన కార్లలో పోతూ యజమానులు మీటలు నొక్కుతుంటారు. అందుచేత ఈ ప్రాంతంలో మీసాలొచ్చిన మగాడు రిమోటు పట్టుకుని ఇసకలో తిరిగితే ఎవరూ వింతగా చూడరు. నాకు ఒంటె లేదు. ఒక నైట్రో ట్రక్కు ఉంది.

నైట్రో ట్రక్కు అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. చూడ్డానికి పెద్ద చక్రాల బొమ్మ లారీ. లోపల మాత్రం నిజమైన టూ స్ట్రోక్ ఇంజను. దానికి పెట్రోలు పనికిరాదు. మిథనాలు, నైట్రోమీథేను, నూనె కలిపిన ఇంధనం పోయాలి. ఈ బళ్ళు చాలాకాలంగా ఉన్నా, 1999లో అమెరికాలో ట్రాక్సాస్ వాళ్ళ టీ-మాక్స్ వచ్చాక ఇలాంటి పెద్ద చక్రాల ట్రక్కుల మోజు బాగా పెరిగింది. ఈ ఇంజన్లో స్పార్కు ప్లగ్గు ఉండదు. దాని చోట గ్లో ప్లగ్గు ఉంటుంది. ప్లగ్గు అడుగున చిన్న గుంట, ఆ గుంటలో సన్నటి తీగ చుట్ట. పైనుంచి ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలిస్తే తీగ ఎర్రబడుతుంది. దారం లాగి ఇంజను స్టార్టు చేసి, బ్యాటరీ తీసేస్తే ఇంజను తన దారిన తను నడుస్తుంది.

ఆ శుక్రవారం నడవలేదు. మొదటి ప్లగ్గు బ్యాటరీ ఉన్నంతసేపూ బాగానే ఉంది, తీసేసిన మరుక్షణం ఇంజను ఆగిపోయేది. ప్లగ్గు విప్పి బయట పరీక్షిస్తే నారింజరంగులో చక్కగా వెలిగింది. రెండోది పది నిమిషాలు నడిచింది. విప్పి చూస్తే తీగ చుట్ట ఒక పక్కకి వాలిపోయి ఉంది. మూడోదానికి తీగే లేదు.

నా మొదటి నిర్ణయం అందరూ చేసేదే: నకిలీ సరుకు అంటగట్టాడు కొట్టువాడు! తప్పు మనది కానంత వరకూ మనిషికి ఎంత ధైర్యమో చూడండి. ఆ నిర్ణయం ఎంత తప్పో తెలియాలంటే కొంచెం వెనక్కి, అంటే రెండువందల ఏళ్ళు వెనక్కి, వెళ్ళాలి.

ముందుగా ఒక అపోహ తీర్చుకుందాం. మన ఊళ్ళలో డీజిలు అంబాసిడర్లు, జీపులు నడిపిన డ్రైవర్లకి 'హీటరు ప్లగ్గు' బాగా తెలుసు. చలికాలం పొద్దున్నే తాళం సగం తిప్పి, హీటరు దీపం కోసం కాసేపు ఓపిక పట్టి, అప్పుడు స్టార్టు చేసేవారు. నేనూ చాలాకాలం గ్లో ప్లగ్గంటే దాని చిన్న తమ్ముడనే అనుకున్నాను. కాదు. డీజిలు ఇంజన్లో హీటరు ప్లగ్గు పని చలిలో స్టార్టింగుతో దాదాపు అయిపోతుంది. ఆ తరవాత గాలిని గట్టిగా నొక్కడం వల్ల పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. బొమ్మ ఇంజన్లో ప్లగ్గు ఇంజను నడిచినంతసేపూ పనిచేయాలి, అదీ బ్యాటరీ లేకుండా. కరెంటు లేకుండా తీగ ఎర్రగా ఎలా ఉంటుంది? ఇక్కడే కథ.

1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ బొగ్గుగని కార్మికుల కోసం భద్రతా దీపం తయారు చేశాడు. ఆ పనిలోనే వాయువుల మంటల మీద ప్రయోగాలు చేస్తూ, 1817లో ఒక వింత గమనించాడు. వేడి చేసిన ప్లాటినం తీగని బొగ్గువాయువూ గాలీ కలిసిన మిశ్రమంలో పెడితే, మంట లేకుండానే ఆ తీగ ఎర్రగా వెలుగుతూ ఉండిపోయింది! ప్లాటినం తను కాలిపోదు. దాని ఒంటిమీద వాయువూ ఆక్సిజనూ కలిసి నెమ్మదిగా మండి, ఆ వేడితో తీగని ఎర్రగా ఉంచుతాయి. ఈథరు, ఆల్కహాలు ఆవిర్లలోనూ ఇదే జరుగుతుంది. గనిలో దీపం ఆరిపోయినా కాస్త వెలుగు మిగిలేలా, దీపంలో మంట పైన ప్లాటినం తీగ చుట్ట పెట్టవచ్చని కూడా డేవీ సూచించాడు.

1823లో జర్మనీలోని యేనాలో డోబరైనర్ అనే ఆచార్యుడు ఇంకో అడుగు వేశాడు. మెత్తటి గుల్ల ప్లాటినం మీదకి హైడ్రోజను వదిలితే, అగ్గిపుల్ల అక్కర్లేకుండానే అంటుకుంది. అగ్గిపెట్టెలు ఇంకా ఇంటింటికీ రాని ఆ రోజుల్లో డోబరైనర్ దీపం జనానికి నిప్పు రాజేసుకునే సాధనమైంది. తను ఖర్చవకుండా చర్యని నడిపించే ఇలాంటి గుణానికి 1835లో బెర్జీలియస్ 'కెటాలిసిస్' అని పేరు పెట్టాడు. మనం బడిలో ఉత్ప్రేరకం అని బట్టీ పట్టినది ఇదే.

అన్నట్టు, ఉత్ప్రేరకానికి ఒక బలహీనత ఉంది. పనంతా జరిగేది ఒంటిమీదే కాబట్టి, ఆ ఒళ్ళు మురికి పట్టినా, గరుకెక్కినా, దానికి పడని పదార్థం అంటుకున్నా పని ఆగిపోతుంది. లోహం మాత్రం అక్కడే ఉంటుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. ఈ వాక్యం కొంచెం గుర్తుంచుకోండి.

ఇక బొమ్మ ఇంజన్ల దగ్గరికి. 1930ల్లో అమెరికాలో బిల్ బ్రౌన్ చిన్న విమానాల కోసం తయారుచేసిన బ్రౌన్ జూనియర్ లాంటి ఇంజన్లు స్పార్కుతోనే నడిచేవి. జపానులో షిగెయో ఒగావా 1936లో మొదలుపెట్టిన కంపెనీ (ఆయన పేరులోని అక్షరాలే ఈనాటి ఓ.ఎస్. ఇంజన్లు) తొలి ఇంజన్లూ అలాంటివే. స్పార్కు కావాలంటే బ్యాటరీ, కాయిలు, కండెన్సరు, పాయింట్లు అన్నీ కావాలి. చిటికెడు ఇంజనుకి మూటెడు సామాను. ఆ మూటంతా విమానం మోయాలి.

1947లో రే ఆర్డెన్ అనే అమెరికన్ ఆ మూట దింపేశాడు. ప్లాటినం మిశ్రమలోహపు తీగని స్పార్కు ప్లగ్గు కన్నంలో పట్టే చిన్న ప్లగ్గులో అమర్చి అమ్మకానికి పెట్టాడు. ఇంధనం మిథనాలు. స్టార్టు చేసేటప్పుడు ఒక్కసారి బ్యాటరీతో తీగని వేడి చేస్తే చాలు. ఆ తరవాత ప్లాటినం మీద మిథనాలు ఆవిరి మండుతూ తీగ చల్లారకుండా చూస్తుంది. పిస్టను గాలిని నొక్కినప్పుడల్లా పుట్టే వేడి దానికి తోడవుతుంది. డేవీ మంటలేని దీపాన్ని ఆర్డెన్ ఇంజన్లో పెట్టాడన్నమాట. కొద్ది సంవత్సరాల్లోనే బొమ్మ విమానాల్లో స్పార్కు దాదాపు మూలపడింది.

ఇప్పుడు నా మొదటి ప్లగ్గు సంగతి. బ్యాటరీ పెడితే వెలిగింది, కాబట్టి ప్లగ్గు మంచిదే అనుకున్నాను. కానీ బ్యాటరీ పరీక్ష చెప్పేది ఒక్కటే: తీగ తెగలేదని. మామూలు ఇనప తీగకి కరెంటిచ్చినా ఎర్రబడుతుంది! బ్యాటరీ తీసేశాక తనంతట తను ఎర్రగా ఉండగలదా అన్నది తీగ ఒంటికి సంబంధించిన ప్రశ్న. దానికి బ్యాటరీ దగ్గర సమాధానం లేదు. నా ప్లగ్గులో తీగ కొత్తదానిలా తళతళలాడటం లేదు, బూడిదరంగులో గరుకుగా ఉంది. ఆర్డెన్ భాగం బాగుంది, డేవీ భాగం చచ్చిపోయింది.

అయితే దాన్ని చంపిందెవరు? అది చెప్పడానికి మిగతా రెండు ప్లగ్గులూ సాక్ష్యానికి సిద్ధంగానే ఉన్నాయి. నాకే ఆ భాష రాలేదు. తరవాత నేర్చుకున్నది ఇది.

తీగ తడిగా, మెరుస్తూ ఉంటే ఇంధనం ఎక్కువై ప్లగ్గు తడిసిందని. ప్లగ్గు విప్పి, బండి తలకిందులు చేసి, దారం లాగి ఇంధనం బయటికి కక్కించాలి. ఇది చేయకుండా బలంగా లాగితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. నల్లగా నూనె జిగురు పట్టి ఉంటే మిశ్రమంలో ఇంధనం మరీ ఎక్కువని, లేదా ఆ ఇంజనుకి ప్లగ్గు చల్లదనం ఎక్కువైందని. బూడిదరంగు, గరుకుదనం ఉంటే ఇంధనం తక్కువై అతిగా వేడెక్కిందని. చుట్ట నలిగి పక్కకి ఒరిగితే లోపల మిశ్రమం వేళకి ముందే పేలుతోందని: ఇంధనం తక్కువ కావడం, నైట్రో ఎక్కువ కావడం, ప్లగ్గు మరీ వేడిది కావడం, హెడ్డు కింద పలచటి రేకు తక్కువై ఒత్తిడి పెరగడం, వీటిలో ఏదైనా. తీగకి చిన్న చిన్న లోహపు పొక్కులు అంటుకుని ఉంటే పిస్టనో బేరింగో లోపల అరిగి రాలుతోందని. అప్పుడు కొత్త ప్లగ్గు పెట్టడమంటే కాలుతున్న ఇంటికి సున్నం వేయడమే. తీగే లేకపోతే ఆ ముక్క ఎక్కడికి పోయిందో చూడందే ఇంజను తిప్పకూడదు. సిలిండర్లో ఉండిపోతే పిస్టను మీద గీతలు పెడుతుంది.

నావి వరసగా గరుకు తీగ, ఒరిగిన తీగ, లేని తీగ. మూడూ ఒకటే మాట చెబుతున్నాయి: ఇంధనం చాలట్లేదు, కాలిపోతున్నాం. కానీ నీడిల్ వాల్వు సూదిని నేను ముట్టుకోలేదు! సెప్టెంబరులో కుదిరిన చోటే ఉంది. అప్పుడు బండి చక్కగా పరిగెత్తింది కూడా. ముట్టుకోని సూది తప్పెలా చేస్తుంది?

దీనికి జవాబు నేను చెప్పలేదు. మాతో వచ్చిన కుర్రాడు చెప్పాడు. అతను ఇక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర జనరేటర్ల మెకానిక్కు. పాలమూరు జిల్లావాడు, నాగర్‌కర్నూల్ దగ్గర. శుక్రవారాలు మా వెంట వస్తాడు గానీ బొమ్మల మీద అతనికి పెద్ద ఆసక్తి లేదు. దూరంగా కూర్చుని ఇంటికి ఫోను చేసుకుంటాడు. ఆ రోజు మాత్రం పొగ వాసన తగిలి లేచి వచ్చాడు.

"అన్నా, గిది ఆముదం వాసన గాదే?"

అవును, ఆముదమే. మేము వాడే ఇంధనంలోని నూనెలో కొంత భాగం ఆముదం.

"మా నాయిన ఆముదాలు ఏసేటోడు. మా ఇల్లంత గిదే వాసన," అని కాసేపు ఊరుకున్నాడు.

ఆముదం ఇంజన్లలోకి రావడం వెనక కూడా చరిత్ర ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో సిలిండర్లతో సహా గిరగిరా తిరిగే నోమ్, లె రోన్ ఇంజన్ల విమానాలు ఆముదంతోనే ఎగిరాయి. ఆముదం పెట్రోల్లో అంత తేలిగ్గా కలవదు, కాబట్టి కొట్టుకుపోకుండా కందెనగా నిలుస్తుంది. మన బొమ్మ ఇంజన్లో కారణం సరిగ్గా తలకిందులు: ఆముదం మిథనాల్లో చక్కగా కలుస్తుంది, మామూలు మినరల్ ఆయిలు కలవదు. రెండు చోట్లా గుణం ఒకటే. ఆముదంలో అధికభాగమైన రిసినోలిక్ ఆమ్లంలో ఉన్న అదనపు హైడ్రాక్సిల్ గుంపు దాన్ని ఆల్కహాలుకి చుట్టాన్ని చేసింది. ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో తన కొత్త నూనెకి పెట్టిన క్యాస్ట్రాల్ అనే పేరు కూడా క్యాస్టర్ ఆయిల్ నుంచే పుట్టింది.

ప్లగ్గు విషయంలో ఆముదం మంచీ చేస్తుంది, చెడ్డా చేస్తుంది. ఇంధనం తక్కువై ఇంజను కాగిపోతున్నప్పుడు మిగతా నూనెలు చేతులెత్తేసినా ఆముదం పొర కొంతసేపు ఇంజన్ని కాపాడుతుంది. మోతాదు మించితే అదే పొర ముదిరి వార్నిషులా గట్టిపడి పిస్టను మీదా, ప్లగ్గు తీగ మీదా పేరుకుంటుంది. ఉత్ప్రేరకం ఒంటికి పట్టే మురికిలో ఇదొకటి. అందుకే ఈ రోజుల్లో సింథటిక్ నూనెలో కాస్త ఆముదం కలిపి అమ్ముతారు.

పాలమూరు, నల్లగొండ ఎర్రనేలల్లో ఆముదం ఒకప్పుడు పెద్ద పంట. నీళ్ళు లేకపోయినా నాలుగు గింజలిచ్చే పంట. పాలెం పరిశోధనాకేంద్రం నుంచి క్రాంతి, హరిత లాంటి రకాలు వచ్చాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1977లో మొదలైన నూనెగింజల పరిశోధన సంస్థకీ ఆముదం ముఖ్యమైన పంటే. అయినా ఆ నేలల్లో పత్తి పెరిగింది, ఆముదం తగ్గింది. దేశంలో పండేదాంట్లో సింహభాగం ఇప్పుడు గుజరాతుది. చెట్టులేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నారు గానీ, ఆ చెట్టు కూడా తగ్గిపోయిన ఊరి నుంచి వచ్చినవాడు ఖతర్ ఎడారిలో బొమ్మ లారీ పొగలో దాన్ని గుర్తుపట్టాడు.

ప్లగ్గులు మూడూ చేతిలోకి తీసుకుని చూసి అన్నాడు: "ప్లగ్గుదేం తప్పు లేదన్నా. సూది ఎప్పుడు గట్టినవ్?"

"సెప్టెంబర్లో."

"గప్పుడు ఉక్కపోత. ఇప్పుడు సలి. సలికి గాలి గట్టిపడతది. గాలి ఎక్కువైతే నూనె గూడ ఎక్కువియ్యాలె గద? జనరేటర్లకు మేమదే జేస్తం."

నేను ఇంటికొచ్చి లెక్క వేశాను. సెప్టెంబరు సాయంత్రం 36 డిగ్రీలు, జనవరి రాత్రి 12 డిగ్రీలు అనుకుందాం. ఆ తేడాకే గాలి సాంద్రత సుమారు 8 శాతం పెరుగుతుంది. సెప్టెంబర్లో సముద్రం మీంచి వచ్చే ఉక్కలో నీటి ఆవిరి కొంత చోటు ఆక్రమించి ఆక్సిజన్ని పక్కకి నెడుతుంది. జనవరి పొడిగాలిలో ఆ చోటు ఖాళీ. రెండూ కలిపితే ఇంజన్లోకి పోయే ఆక్సిజను 10 శాతం పైనే పెరిగింది. కార్బురేటరులో ఇంధనం ఆ నిష్పత్తిలో పెరగదు. సూది కదలలేదు నిజమే, కదిలింది ఋతువు. వేడి దేశంలో ఉన్నాం కాబట్టి ఎండాకాలమే ఇంజనుకి గండం అని నేననుకున్నాను. గండం చల్లటి రాత్రి వచ్చింది.

ఆ రాత్రే నాలుగో ప్లగ్గు, అంటే ఆఖరిది, పెట్టాం. పెట్టేముందు మూడోదాని తీగ ముక్క కోసం సిలిండరు వెతికాం. అదృష్టవశాత్తూ పొగగొట్టంలోంచి బయటికి పోయినట్టుంది, పిస్టను మీద గీతల్లేవు. ఇంధనపు గొట్టంలో బుడగలున్నాయేమో చూశాం. బుడగలుంటే ఎక్కడో గాలి లోపలికి లాగుతోందని, అప్పుడు సూది ఎంత తిప్పినా లాభం లేదని. బుడగల్లేవు. సూది పావుచుట్టు వదులు చేశాం. పొగ నీలంగా, ధారాళంగా వచ్చింది. అక్కణ్ణించి కొంచెం కొంచెం బిగిస్తూ వచ్చాం. హెడ్డు వేడి 110 డిగ్రీల దగ్గర నిలబడింది. బ్యాటరీ తీసేశాను. ఆగలేదు. మా అబ్బాయి ఇంటి మాట మరిచిపోయాడు.

ఒక హెచ్చరిక చెప్పకపోతే పాపం. మిథనాలు మంట పగటి వెలుతురులో దాదాపు కనబడదు. ఇండియానాపొలిస్ పందెంలో 1964 నాటి ఘోరమైన పెట్రోలు మంటల ప్రమాదం తరవాత, నీళ్ళతో ఆర్పవచ్చని మిథనాలుకి మారారు. అదే పందెంలో 1981లో రిక్ మియర్స్ అనే డ్రైవరు కారు దగ్గర ఆ కనబడని మంటలే అంటుకున్నాయి, జనానికి కాసేపు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ఎర్రగా కాలిన ప్లగ్గుని ఇంధనపు సీసా పక్కన పరీక్షించకండి. ఆ సీసా పిల్లలకి అందే చోట పెట్టకండి. లోపలికి పోతే కళ్ళు పోతాయి, ప్రాణమూ పోతుంది.

మూడు చచ్చిన ప్లగ్గులూ ఇప్పుడు ఆఫీసులో నా బల్ల మీదున్నాయి. ఎవరైనా ప్రోగ్రాము ఆగిపోయిందని పరిగెత్తుకొచ్చి, ఫలానా భాగం మార్చేద్దామంటే వాటిని చూపిస్తాను. ముందు కాలినదాన్ని చదవండి, తరవాత మార్చండి. సాక్షిని ముద్దాయి చేస్తే అసలు దొంగ నాలుగో ప్లగ్గుని కూడా తింటాడు.

పాలమూరు తమ్ముడు ఈ మధ్య రెండేళ్ళ తరవాత ఇంటికి వెళ్ళాడు. వెళ్ళేముందు ఖాళీ అయిన ఇంధనపు డబ్బా మూత ఒకసారి తీసి వాసన చూసి, మళ్ళీ బిగించి నా చేతికిచ్చాడు. "మా నాయినకు జెప్పాలె అన్నా, మన ఆముదం ఈడ లారీలు నడిపిస్తుందని" అన్నాడు.

బొమ్మ లారీలని నేను సరిదిద్దలేదు.